క్రాంజీకి పోదామా, అమ్మీ?

అమ్మీకి పాస్‌పోర్టు వచ్చింది. 84 ఏళ్ళకు మొదటి పాస్‌పోర్టు. పోస్ట్‌మ్యాన్ చేత సంతకం పెట్టించుకుని కవర్ ఇచ్చి పోయిండు. అమ్మీ చాలాసేపు దాన్ని తెరవలేదు. దస్తీలో చుట్టి దిండు కింద పెట్టుకుంది. మగ్రిబ్ నమాజ్ అయినాక తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, పుట్టిన తేదీ దగ్గర వేలు పెట్టి "ఇది ఝూట్" అంది. ఆధార్‌లో ఉన్నట్టే అందులోనూ జనవరి ఒకటి అని ఉంది. అమ్మీ పుట్టింది రంజాన్ నెలలో. 1941 రంజాన్. అప్పటికే మా నానా ఓడెక్కి వెళ్ళి కొన్ని నెలలయింది.

పాస్‌పోర్టు ఎందుకంటే, మేం సింగపూర్ పోవాలనుకుంటున్నాం. నా కొడుకు అక్కడ నౌకరీ చేస్తున్నడు. చుట్టాలకు, మొహల్లావాళ్ళకు "మనవణ్ణి చూడ్డానికి పోతున్నారు" అని చెప్పాం. అది సగం నిజం. మిగతా సగం క్రాంజీ. సింగపూర్ ఉత్తరం కొసన చిన్న గుట్ట మీద ఉన్న యుద్ధ స్మారకం, ఖబ్రస్తాన్. అక్కడి గోడల మీద 24 వేలకు పైగా పేర్లున్నాయి. మట్టి దొరకని సిపాయిల పేర్లు. అందులో మా నానా పేరు ఉందా లేదా అన్నది మా ఇంట్లో 80 ఏళ్ళ సవాల్.

నానా నిజాం ఫౌజ్‌లో సిపాయి. నల్లగొండ పక్క పల్లె. ఇద్దరు తమ్ముళ్ళు, రెండెకరాల చెల్క, ఇంటి నిండా కర్జా. ఫౌజ్‌లో చేరితే తన్‌ఖా వస్తుందని చేరిండు. వతన్ కోసం, బాద్‌షా కోసం అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పల్టన్ పేరు ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. దాన్ని మలయాకు పంపారు. ఇప్పటి మలేసియాలో కెలాంతాన్ రాష్ట్రం, కోటా భారు అనే ఊరు. ఆ ఊరి ఎయిర్‌ఫీల్డ్ కాపలా వీళ్ళ జిమ్మా.

1941 డిసెంబర్ 8, అర్ధరాత్రి దాటినాక జపాన్ ఫౌజ్ కోటా భారు సముద్రం ఒడ్డున దిగింది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి గంటకు పైగా ముందు. దునియా అంతా పెర్ల్ హార్బర్‌నే యాద్ చేస్తుంది. పసిఫిక్ జంగ్ నిజానికి మొదలైంది మా నానా కాపలా ఉన్న ఊర్లో. ఆ మాట ఒక పుస్తకంలో చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

నానీ దగ్గర మిగిలింది ఒక్క ఖత్. అది కూడా ఎవరో రాసిపెట్టిన ఉర్దూ. "ఖైరియత్‌గా ఉన్నా, ఇక్కడ వానలు ఎక్కువ, తమ్ముళ్ళను బైళ్ళు అమ్మొద్దని చెప్పు." తేదీ లేదు. అమ్మీ పుట్టిన సంగతి అందులో లేదు. బిడ్డ పుట్టిందని ఇక్కణ్ణుంచి రాసిన ఖత్ ఆయనకు అందిందో లేదో తెలీదు. ఆ తర్వాత ఖబర్ లేదు. తార్ రాలేదు. చనిపోయిండని ఎవరూ చెప్పలేదు, బతికిండని ఎవరూ చెప్పలేదు.

1946లో ఒకాయన వచ్చిండు. పక్క తాలూకా మనిషి, ఖైదు నుంచి తిరిగొచ్చిన సిపాయి. ఎముకల గూడులా ఉండేవాడట. మా ఇంటి అరుగు మీద కూచుని, చాయ్ తాగి, "భాభీ, సింగపూర్ లొంగిపోయినంక మమ్మల్నందర్నీ ఒక మైదాన్‌లో నిలబెట్టిన్రు. ఆడ నీ ఘర్‌వాలాను చూసిన" అన్నడు. ఆ మైదాన్ ఫారెర్ పార్క్. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. 17న 40 వేలకు పైగా హిందుస్తానీ సిపాయిలను అక్కడ జమచేసి జపాన్‌వాళ్ళకు అప్పజెప్పారు. కెప్టెన్ మోహన్ సింగ్ కొత్త ఫౌజ్‌లో చేరమని వాళ్ళను పిలిచిండు. ఆజాద్ హింద్ ఫౌజ్‌కు పునాది అక్కడే. చేరినవాళ్ళు చేరారు. చేరనివాళ్ళలో వేలమందిని దూరం దూరం దీవులకు, న్యూ గినియా దాకా మజ్దూరీకి పంపారు. చాలామంది తిరిగి రాలేదు.

ఆ ఒక్క మాట మీద నానీ 50 ఏళ్ళు బతికింది. "చూసిన" అన్న ఒక్క మాట.

మా దక్కన్‌లో పెళ్ళయిన ముస్లిం ఆడవాళ్ళ మెడలో లచ్ఛా ఉంటుంది. నల్లపూసల దండ. మొగుడు చనిపోతే తీసేస్తారు, ఇద్దత్ కూచుంటారు, నాలుగు నెలల పది రోజులు. నానీ లచ్ఛా తియ్యలేదు, ఇద్దత్ కూచోలేదు. కూచుంటే ఆయన చనిపోయిండని తానే ఒప్పుకున్నట్టు. మొహల్లాలో కొందరు సుహాగన్ అని పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు, కొందరు పిలిచేవాళ్ళు కాదు. పిలిచినచోటికి లచ్ఛా పైకి కనపడేటట్టు వేసుకుని పోయేది. పిలవనిచోట ఏమీ అనేది కాదు.

అదృశ్యమైన మొగుణ్ణి మన ఫిఖ్‌హ్‌లో మఫ్ఖూద్ అంటారు. పాత హనఫీ మాట ప్రకారం అతని ఈడువాళ్ళంతా పోయేదాకా భార్య ఇంతెజార్ చెయ్యాలి. అంటే ఒక జిందగీ. మాలికీ మజ్‌హబ్‌లో నాలుగేళ్ళు. ఆడవాళ్ళ కష్టం చూసి మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ లాంటి హనఫీ ఆలిమ్‌లే ఈ విషయంలో మాలికీ మాట తీసుకోవచ్చన్నారు. 1939లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టంలో మొదటి కారణమే అది: నాలుగేళ్ళు మొగుడి జాడ తెలియకపోతే భార్య కోర్టుకు పోయి విడుదల అడగొచ్చు. మా ఊరు నిజాం రియాసత్‌లో ఉంది కాబట్టి అప్పటికి ఆ కానూన్ మాకు లేదు. ఉన్నా నానీ పోయేది కాదనుకోండి. కానీ పోకపోవడం వేరు, పోయే తోవే లేకపోవడం వేరు.

ఇంటికి కొన్నాళ్ళు ఏదో కొంత పైసలు వచ్చేవట. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. రియాసత్ పోయింది, ఫౌజ్ పోయింది. ఏ దఫ్తర్‌లో అడగాలో, ఏ కాగితం చూపాలో చెప్పేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో మా పల్లె నుంచి చాలామంది హైదరాబాద్‌కు, కొందరు పాకిస్తాన్‌కు పోయారు. నానీని కూడా రమ్మన్నారు. "నేను పోతే, ఆయనొస్తే ఏ ఇంటికొస్తడు?" అని కదల్లేదు. 1996లో అదే ఇంట్లో పోయింది. గుస్ల్ చేసేటప్పుడు లచ్ఛా తీసి అమ్మీ చేతిలో పెట్టారు. అది ఇప్పటికీ అమ్మీ పాన్‌దాన్ కింది అరలో ఉంది.

ఇదీ మా ఇంటి కథ. ఇక తయారీ సంగతి.

నా కొడుకు సింగపూర్ పోయిన మొదటి ఏడాది ఒక ఐతవారం క్రాంజీ పోయి ఫోటోలు పంపిండు. పచ్చటి గడ్డి, వరసలు వరసలుగా తెల్ల రాళ్ళు, పైన గుట్ట మీద విమానం రెక్కలాంటి కప్పు, దాని కింద నిలువు గోడలు. ఆ గోడల నిండా పేర్లు. మెట్రో రైలు క్రాంజీ స్టేషన్‌లో దిగితే నడిచిపోయేంత దూరం. టికెట్ లేదు. 1957 మార్చిలో ఈ మెమోరియల్‌ను తెరిచారు. జంగ్‌కు ముందు అక్కడ ఫౌజీ క్యాంపు ఉండేదట. తర్వాత జపాన్‌వాళ్ళు దాన్ని ఖైదీల క్యాంపుగా, పక్కన దవాఖానాగా వాడారు. ఆ ఖైదీలు తమవాళ్ళను పూడ్చుకున్న చిన్న జాగానే ఇంత పెద్దదైంది. ఇప్పుడు ఖబర్లు 4,400కు పైగా ఉన్నాయి, అందులో 850కి పైగా పేరు తెలియనివి. గడ్డి కింద పేరు తెలియని మనుషులు, గోడ మీద మనిషి దొరకని పేర్లు. రెండింటినీ కలిపే దారి ఎవరి దగ్గరా లేదు.

గోడల దగ్గర ఒక మాట చెక్కి ఉంది, స్వేచ్ఛగల మనుషులందరి కోసం వీళ్ళు ప్రాణమిచ్చారని. ఇంగ్లీష్‌తో పాటు హిందీ, ఉర్దూ, గురుముఖీ, చీనీ, మలయ్ భాషల్లో. ఆ ఉర్దూ అక్షరాల ఫోటో చూసి అమ్మీ ఖుష్ అయింది. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డంపడ్డట్టయింది. ఆ సిపాయిలు స్వేచ్ఛగా ఉన్నారా? ఒక బాద్‌షాకు రయ్యత్, ఆ బాద్‌షా మీద ఇంకో బాద్‌షా. మలయా ఎక్కడుందో కూడా తెలీకుండా ఓడెక్కినవాళ్ళు. అయినా వాళ్ళ జబాన్‌లో ఒక వాక్యం చెక్కిన జాగా అదొక్కటే ఉంది. నానీ 50 ఏళ్ళు అడిగిన సవాల్‌కు మా జిల్లాలో ఏ గోడా జవాబు ఇవ్వలేదు మరి.

ఎవరైనా తమ ఇంటి సిపాయి కోసం వెతకాలనుకుంటే, నేను నేర్చుకున్న రెండు మూడు సంగతులు చెప్తాను. ఈ స్మారకాలను చూసుకునేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. వాళ్ళ వెబ్‌సైట్‌లో పేరు, పల్టన్, సంవత్సరం పెట్టి వెతకొచ్చు. పేరును ఒక్కలా కాక పదిలా రాసి చూడండి. మన పేర్లను ఇంగ్లీష్ క్లర్కులు చెవికి తోచినట్టు రాసుకున్నారు. ముహమ్మద్ ఒక్కదాన్నే ఎన్ని రకాలుగా రాశారో! హుసేన్, ఖాన్, షేక్ అన్నీ అంతే. ఇంకోటి, "హైదరాబాద్ రెజిమెంట్" అని కనపడగానే మనవాళ్ళే అనుకోవద్దు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా ఫౌజ్‌ది, తర్వాత 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. దాని బెటాలియన్ ఒకటి కూడా మలయాలోనే లడాయి చేసింది. మా నానాది నిజాం సొంత ఫౌజ్, వేరే. ఈ తేడా తెలీక నేను ఆరు నెలలు తప్పు లిస్టులో వెతికిన. రికార్డు దొరికితే అందులో కాలమ్ నెంబర్ ఉంటుంది. అది రాసిపెట్టుకోకుండా పోతే 24 వేల పేర్లలో ఎండలో తిరగాలి.

నా వెతుకులాట ఒక రాత్రి ముగిసింది. నానా పేరు ఇక్కడ రాయను. మన ఊళ్ళలో ప్రతి వాడలో ఇద్దరికి ఉండే పేరు అది. ఆ పేరుతో చాలామంది వచ్చారు. పంజాబీలు, బలూచీలు, దక్కన్‌వాళ్ళు. వాళ్ళలో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ అని ఉన్నది ఒక్కరికే. సిపాయి. సింగపూర్ మెమోరియల్. కాలమ్ నెంబర్. కొందరి రికార్డుల్లో ఫలానా వాడి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా ఆమె భర్త అని ఉంటుంది. ఇందులో అవేవీ లేవు. తేదీ ఉంది. 1941 డిసెంబర్.

ఆ తేదీ చూసి చాలాసేపు అట్లనే కూచున్న. డిసెంబర్‌లోనే పోయినవాణ్ణి ఫిబ్రవరిలో ఫారెర్ పార్క్ మైదాన్‌లో ఎట్ల చూస్తరు? ఈ రికార్డు మా నానాదే అయితే, 1946లో మా అరుగు మీద కూచుని చాయ్ తాగిన ఆ మనిషి ఇంకెవరినో చూసి ఉండాలి. లేదా ఎవరినీ చూసి ఉండకపోవచ్చు. అంటే నానీ 50 ఏళ్ళ ఇంతెజార్ ఒక తప్పు మాట మీద నిలబడ్డది. లేదంటే ఆ రాత్రి తర్వాత కనపడనివాళ్ళందరికీ దఫ్తర్‌లో ఒకే నెల రాసేశారేమో. అదీ కాకపోతే ఈ రికార్డు ఇంకెవరి నానాదో.

ఇంకొకటి కూడా చదివిన. కోటా భారు ఎయిర్‌ఫీల్డ్ దగ్గర హైదరాబాద్ పల్టన్ నిలవలేదని, గాభరాపడి వెనక్కి పోయిందని ఇంగ్లీష్ పుస్తకాల్లో రాశారు. వాళ్ళ కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్ అక్కడే చనిపోయిండు. సొంత సిపాయిలే కాల్చారని కూడా కొన్నిచోట్ల ఉంది. ఎదురుగా ట్యాంకుల్లాగా వచ్చిపడుతున్న ఫౌజ్, నడి వానాకాలం, నడిరాత్రి, పైన గద్దల్లా విమానాలు. రెండెకరాల చెల్క కర్జా తీర్చడానికి పోయిన పిల్లగాడు ఆ రాత్రి నిలబడ్డడా, పారిపోయిండా? షహీద్ అందామా, బుజ్‌దిల్ అందామా? ఆ మైదాన్ కథ నిజమైతే, ఆజాద్ హింద్‌లో చేరిండా? చేరితే ఇంగ్లీషువాళ్ళకు గద్దార్, మనకు ముజాహిద్. ఒక్క మనిషికి ఇన్ని పేర్లు పెట్టే హక్కు మాకు ఎవరిచ్చారని కూడా అనిపించింది. ఆయన వయసు అప్పటికి 22. నా కొడుకు కన్నా చిన్న.

అమ్మీకి ఈ తేదీ సంగతి చెప్పాలా వద్దా అని నెల రోజులు నలిగిన. చెప్పకుండా తీసుకుపోయి, గోడ ముందు నిలబెట్టి, పేరు చూపించి, ఫాతిహా చదివించి తీసుకొద్దామనుకున్న. తమ్ముడు అదే అన్నడు. "ఆపా, ఈ ఉమర్‌లో ఆమెకెందుకు ఈ హిసాబ్‌లు?" కానీ ఆమె 84 ఏళ్ళ మోకాళ్ళతో ఆ గుట్ట ఎక్కేది తండ్రి కోసం. ఏం చూడ్డానికి పోతున్నదో ఆమెకు తెలియకుండా నేనెట్ల ఎక్కిస్త? పాస్‌పోర్టు వచ్చిన ఆ రాత్రే చెప్పిన. తేదీ చెప్పిన, ఆ తేదీకి అర్థం చెప్పిన, ఊరూ తండ్రి పేరూ రికార్డులో లేవని కూడా చెప్పిన. పల్టన్ వెనక్కి పోయిన సంగతి కూడా.

అమ్మీ ఏడవలేదు. పాన్ చుట్టుకుంటూ వినింది. సున్నం ఎక్కువైందని మళ్ళీ తుడిచింది. తర్వాత అంది, "ఆ మనిషి ఝూట్ చెప్పలేదు బేటీ. అమ్మ మొఖం చూసిండు, ఒళ్ళో నన్ను చూసిండు. ఏమని చెప్తడు?" ఇంకాసేపటికి, "ఉరికినా మంచిదే. ఉరికి ఒక గంట ఎక్కువ బతికినా మంచిదే. నేను పుట్టిన ఖత్ ఆ గంటలో అందిందేమో" అంది.

నేనేమీ అనలేకపోయిన.

తెల్లారి ఫజర్ తర్వాత ఆమెకు ఒకటే ఫికర్. "పేరు దొరికితే అమ్మ ఇద్దత్ ఏమయితది? కూచోలేదు కదా." మా మస్జిద్ పేష్ ఇమామ్ సాబ్‌ను అడిగి రమ్మంది. ఆయన పెద్దాయన, విని కాసేపు కళ్ళు మూసుకున్నడు. "ఖబర్ అందనామె మీద ఏ బోఝ్ లేదమ్మా. ఆమె సబర్ అల్లా దగ్గర జమ అయి ఉంటది. మీరు మగ్ఫిరత్ కోసం దువా చెయ్యండి, ఇద్దరికీ" అన్నడు. ఆ జవాబు విన్నాక అమ్మీ రెండు రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

సఫర్ లెక్కలు ఇప్పుడు వేసుకుంటున్నాం. నా కొడుకు జోష్ ఎక్కువ, ఒక్క రోజులోనే అన్నీ చూద్దామంటడు. నేను కాగితం మీద మళ్ళీ రాసిన.

మొదటి రోజు ఏమీ లేదు, ఆరామ్. రెండో రోజు పొద్దున్నే క్రాంజీ. సింగపూర్ ఎండ, ఉక్క మనకు కొత్త కాదు కానీ గడ్డి మీద నీడ తక్కువ, గోడల దగ్గరికి పోవాలంటే పైకి ఎక్కాలి. మెట్రో వద్దు, టాక్సీ. వీల్ చైర్ అంటే అమ్మీకి కోపం, అయినా తీసుకుపోతాం. ముందు రిజిస్టర్‌లో పేరు చూసి, కాలమ్ నెంబర్ సరిపోల్చుకుని, అప్పుడు ఆమెను అక్కడిదాకా తీసుకుపోవాలి. వెతుకుతూ తిప్పొద్దు. పక్కనే సింగపూర్ మొదటి ప్రెసిడెంట్ యూసుఫ్ ఇస్‌హాక్ ఖబర్ కూడా ఉంది. అమ్మీకి చెప్తే "ఆయనకూ ఒక ఫాతిహా చదువుదాం, పొరుగాయన కదా" అంది.

మూడో రోజు అప్పర్ బుకిత్ తిమా రోడ్డులో పాత ఫోర్డ్ ఫ్యాక్టరీ. మోటార్లు బిగించే కార్ఖానా అది. అక్కడే 1942 ఫిబ్రవరి 15న జనరల్ పెర్సివల్ జనరల్ యమషితా ముందు కూచుని లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టిండు. ఇప్పుడు మ్యూజియం. 2017లో మరమ్మతు చేసి తెరిచినప్పుడు జపాన్‌వాళ్ళు సింగపూర్‌కు పెట్టిన పేరు, స్యోనాన్ అన్న పేరు దానికి పెట్టారు. మా పెద్దలను చంపినవాళ్ళు పెట్టిన పేరు మాకెందుకని జనం అడిగితే రెండు రోజుల్లో తీసేశారు. ఒక పేరు గోడ మీద ఉండటానికీ, ఉండకపోవడానికీ మనుషులు ఇంత తడుముకుంటారని అది చదివి నాకు ధైర్యం వచ్చింది. మేం ఒక్కరమే పిచ్చోళ్ళం కాదు. మ్యూజియం కాబట్టి సోమవారం పెట్టుకోలేదు.

నాలుగో రోజు జుమా. కంపోంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మస్జిద్. సాయంత్రం ఎస్ప్లనేడ్ పార్క్. అక్కడ ఆజాద్ హింద్ ఫౌజ్ స్మారకానికి 1945 జులైలో నేతాజీ పునాదిరాయి వేసిండు. ఇంగ్లీషువాళ్ళు తిరిగొచ్చి దాన్ని పేల్చేశారు. 1995లో ఆ జాగాలో ఒక గుర్తు పెట్టారు. ఆ ఫౌజ్ నినాదం మూడు మాటలు: ఇత్తెహాద్, ఏతెమాద్, ఖుర్బానీ. నేతాజీ వెంట జర్మనీ నుంచి సబ్‌మెరైన్‌లో వచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాద్ మనిషి. జైహింద్ అన్న పలకరింపు ఆయనదే అంటారు. నానా క్రాంజీ గోడ మీది మనిషి కాకపోతే, మైదాన్ మాట నిజమైతే, ఆయన అడుగులు ఆ పార్క్ చుట్టుపక్కల ఎక్కడో పడి ఉంటాయి. అందుకే రెండు జాగాలూ పెట్టుకున్నాం. ఒకటి ఇంగ్లీషువాళ్ళు కట్టింది, ఒకటి వాళ్ళు కూల్చింది. మా ఒక్క నానాకు రెండూ కావాలి.

కోటా భారు పోవాలని నాకుంది. అక్కడ పాత బ్యాంకు బిల్డింగ్‌లో వార్ మ్యూజియం ఉంది. జంగ్ రోజుల్లో జపాన్ మిలిటరీ పోలీసులు అందులోనే ఉండేవాళ్ళు. సబక్ సముద్రం ఒడ్డు కూడా చూడాలి. కానీ మళ్ళీ విమానం, మళ్ళీ హోటల్, అమ్మీ వల్ల కాదు. "నువ్వు ఇంకోసారి పో. ఆడి మట్టి తేకు. ఊరికే చూసి రా" అంది.

అమ్మీకి ఇంకో ఖుషీ ఉంది, అది నాకు తర్వాత అర్థమైంది. మా ఊర్లో ఆడవాళ్ళు ఖబ్రస్తాన్ లోపలికి పోరు. షబే బరాత్ రాత్రి మగవాళ్ళు పూలు తీసుకుని పోతుంటే మేం దర్వాజా దగ్గరే ఆగిపోతాం. నానీ ఖబర్‌ను అమ్మీ దగ్గరినుంచి ఎప్పుడూ చూడలేదు, ప్రహరీ బయటి నుంచే సలాం. "ఆడ గోడే కదా, ఖబర్ కాదు కదా. దగ్గరికి పోవచ్చు కదా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. పోవచ్చు అమ్మీ. చెయ్యి పెట్టి కూడా చూడొచ్చు.

"అదే పేరుతో ఇంకా ఎంతమంది ఉన్నరు ఆడ?" అనడిగింది నిన్న. చాలామంది అన్న. "అయితే ఫికర్ ఎందుకు? అందరికీ చదువుత. వాళ్ళ బిడ్డలు ఎవరైనా వచ్చిన్రో లేదో. నాన్న ఆ పేర్లల్ల ఉంటే ఆయనకు అందుతది. లేకుంటే ఆయన ఎక్కడుంటే అక్కడికి అల్లా చేరుస్తడు."

టికెట్లు బుక్ చేసినం. వీసా కోసం ఏజెంట్‌కు ఫోటోలు ఇచ్చినం. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాల్సిన అరైవల్ కార్డు పని కొడుకు చూసుకుంటడు. షుగర్ గోలీల చీటీ రెండు జిరాక్స్‌లు తీయించిన. అమ్మీ తన సామాన్లు తానే సర్దుకుంటోంది. రెండు జతల బట్టలు, జానమాజ్, తస్బీహ్, యాసీన్ కితాబ్.

పాన్‌దాన్ తీసుకుపోవడానికి లేదని చెప్పిన. సింగపూర్‌లో పాన్ ఉమ్మితే జుర్మానా అంటే నవ్వింది. పాన్‌దాన్ పక్కన పెట్టింది కానీ, కింది అర తెరిచి లచ్ఛా తీసి, చిన్న గుడ్డలో కట్టి యాసీన్ కితాబ్ పక్కన పెట్టుకుంది. అక్కడ ఏం చేస్తావు అమ్మీ అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.